కెనడాలో పనస: ఏ డబ్బా కొనాలి, ఎవరు జాగ్రత్తపడాలి

పనసచెట్టు కెనడా చలికి ఆరుబయట బతకదు. అసలు మంచుకే తట్టుకోలేదు. చెట్లకు కాసే పండ్లలో ఇంతకంటే పెద్దది లేదు, అదీ మొదలుకే వేలాడుతూ కాస్తుంది. బొబ్బిలి వీణ చేసేదీ ఈ కలపతోనే. ఇక్కడ మాత్రం మనకు డబ్బాల్లోనో ఫ్రీజర్ ప్యాకెట్లలోనో దొరుకుతోంది.

గోదావరి జిల్లాల పెళ్ళిభోజనం గుర్తుకొచ్చి పనసపొట్టు కూర చేద్దామనుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. డబ్బా మీద 'యంగ్ గ్రీన్' అనీ, 'బ్రైన్' అనీ ఉండాలి. 'సిరప్' అని ఉంటే అది పంచదార పాకంలో వేసిన పండు, కూరకు పనికిరాదు. నా ఓటు ఫ్రీజర్‌లోని పచ్చి ముక్కలకే. డబ్బాదైతే రెండుసార్లు కడిగి, గట్టిగా పిండి, చేత్తో చిదిమితే పొట్టులా వస్తుంది. పసుపు, చింతపండు రసం వేసి ఉడికించండి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టండి. ఆవముద్ద మాత్రం స్టవ్ ఆపాకే కలపాలి, వేడి మీద వేస్తే చేదెక్కుతుంది. డబ్బాలో ఉప్పు ముందే ఉంటుంది, రుచి చూశాకే వేసుకోండి.

ఇక్కడి రెస్టారెంట్లలో దీన్ని మాంసానికి బదులుగా బర్గర్లలో పెడుతున్నారు. పీచు మాంసంలా ఉంటుంది, నిజమే. ప్రొటీన్ మాత్రం లేదు: వంద గ్రాముల పనసతొనల్లో రెండు గ్రాములు కూడా ఉండదు. శాకాహారం తినే పిల్లల లంచ్ బాక్సులో పనస పెడితే పక్కన పప్పో పెరుగో ఉండాల్సిందే. అదే వంద గ్రాముల్లో పొటాషియం సుమారు 450 మిల్లీగ్రాములు. కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చి మీ ఇంట్లో ఉంటే డాక్టరునడిగి పెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వసంతంలో బర్చ్ చెట్ల పుప్పొడికి తుమ్ములు, కళ్ళదురద వచ్చేవాళ్ళలో కొందరికి పనసతొన తింటే నోరు, పెదవులు దురదపెడతాయి. రెండింటిలోనూ ఒకేలాంటి ప్రొటీన్లు ఉండటమే కారణం. ఊళ్ళో చిన్నప్పుడు బుట్టెడు తొనలు తిన్నవాళ్ళకీ ఇక్కడికొచ్చాక ఇది మొదలవ్వచ్చు. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

మెక్సికో నుంచి వచ్చే పండు కొంటే కోసే ముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోండి, జిగురు అంటదు. గింజలు పారేయకండి. పచ్చివి తినకూడదు గానీ, ఉడికించి పైపెంకు తీసి వంకాయతో కలిపి వండితే చారన్నంలోకి బాగుంటాయి.