చిత్తుపుస్తకము – సాపుపుస్తకము

శామీర్‌పేట హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, కరీంనగరమునకు పోవు రహదారిపై నున్నది. ఊరి చేరువనే పెద్ద చెరువు కలదు. సెలవు దినములలో నగరవాసులు దాని గట్టుపై విహరింప వచ్చుచుందురు. ఇటువంటి చెరువుల అంచున, నీరు కదలక నిలిచిన చోట, పచ్చని పాచి తేలుచుండుట అందరును చూచినదే. ఆ పాచిని చిటికెడు తెచ్చి, గాజుపలకపై నీటిబొట్టులో పలుచగా విడదీసి, సూక్ష్మదర్శినిలో చూచినచో అది పాచివలె కనబడదు. సన్నని దారములు కనబడును. ఒక్కొక్క దారమునందు వెదురు కణుపులవలె అడ్డుగోడలు, గోడకును గోడకును నడుమ ఒక్కొక్క గది. ఆ గదియే కణము. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండుముక్కలో ఇట్టి గదులను చూచి, చిన్నగది యను అర్థము వచ్చు పేరును వానికి పెట్టెను. అతడు చూచినవి జీవము పోయిన గోడలు మాత్రమే. చెరువుపాచిలో కనబడునవి జీవించి యున్న కణములు.

చూచుట కష్టము కాదు. చూచినదానిని చూచినట్లు వ్రాయుటయే కష్టము.

పాఠశాలలలో ప్రయోగమునకు రికార్డు వ్రాయుట ఒక ఆచారముగా నున్నది. ఉద్దేశము, పరికరములు, పద్ధతి, పరిశీలన, ఫలితము అను శీర్షికల క్రింద విద్యార్థులు ముత్యములవంటి అక్షరములతో పుటలు నింపుదురు. అందు తప్పు లేదు. కాని కొందరు ప్రయోగము చేయుటకు ముందు దినముననే 'ఫలితము' వ్రాసి యుంచుకొందురు. మరికొందరు అన్నయో అక్కయో నిరుడు వ్రాసిన రికార్డు చూచి దింపుకొందురు. బొమ్మ పాఠ్యపుస్తకములోని బొమ్మయే. కణములన్నియు కొలిచి కోసిన ఇటుకలవలె ఒక్క తీరున నుండును. తాను చూచిన ఉల్లిపొర అట్లున్నదా, లేదా యను ప్రశ్నయే రాదు. ఇది ప్రయోగమునకు రికార్డు అనిపించుకొనదు. పుస్తకమునకు నకలు అనిపించుకొనును.

వెనుకటి గుమాస్తాలు లెక్కలను మొదట చిత్తులో వ్రాసి, తరువాత సాపు ప్రతి తీసెడివారు. ప్రయోగశాలలో నున్న విద్యార్థికిని రెండు పుస్తకములు కావలెను. సాపుపుస్తకము ఉపాధ్యాయునికి చూపుటకు. చిత్తుపుస్తకము సూక్ష్మదర్శిని ప్రక్కన తెరచి యుంచుకొని, కన్ను కటకముపై నుండగానే చేయి వ్రాసికొనుటకు. ఈ రెంటిలో విలువైనది చిత్తుపుస్తకమే. అందు కంటికి కనబడినది మాత్రమే గాక, మనసునకు తోచినదియు వ్రాయవలెను. ఏమి కనబడునని అనుకొంటిని, ఏమి కనబడినది, ఆ భేదమునకు కారణమేమై యుండును, రేపు ఏమి చేసి చూడవలెను అను నాలుగు ప్రశ్నలకు అందు చోటుండవలెను.

ఉల్లిపొర ప్రయోగము అందరికిని తెలిసినదే. ఉల్లిగడ్డ రేకు లోపలి ప్రక్క నుండి పలుచని పొరను ఒలిచి, నీటిబొట్టులో పరచి, అయోడిన్ చుక్క వేసి, పలుచని గాజుబిళ్ల కప్పి చూచెదరు. పొడవైన కణములు, కణకుడ్యములు, ఒక్కొక్క కణములో పసుపుగోధుమ వన్నె గల కేంద్రకము కనబడును. దీని వెనువెంట మరియొక ప్రయోగము చెప్పబడును. పొరపై గాఢమైన ఉప్పునీరు వేసినచో కణములోని నీరు వెలుపలికి పోయి, లోపలి జీవపదార్థము కుంచించుకొని గోడనుండి విడివడును. ఊరగాయకై ఉప్పు పట్టించిన మామిడిముక్క నీరు వదలుట యందును ఇదియే జరుగును.

ఒక విద్యార్థిని, ఉల్లిపాయ వృథా చేయనేల యని, అయోడిన్ వేసి చూచిన ఆ పొరపైననే ఉప్పునీరు వేసినదనుకొనవచ్చును. ఆమె పది నిమిషములు వేచి చూచినది. కణములలో మార్పు లేదు. పుస్తకములో 'కుంచించుకొనును' అని యున్నది. ప్రక్క బల్లపై వారికి కుంచించుకొన్నది. ఇప్పుడామె ఏమి వ్రాయవలెను? రికార్డునకు మార్కులుండును గనుక 'కుంచించుకొన్నది' అని వ్రాయుట సులభము. అట్లు వ్రాసినచో ఆ కథ అంతటితో ముగిసిపోవును.

ఆమె చిత్తుపుస్తకములో ఇట్లు వ్రాసినచో కథ మొదలగును: "ఉదయము 11 గంటల 10 నిమిషములకు ఉప్పునీరు వేయబడినది. 11 గంటల 20 నిమిషములకును మార్పు లేదు. ప్రక్క బల్లపై వారి పొర కుంచించుకొన్నది. ఉప్పునీరు ఇద్దరిదియు ఒకే సీసాలోనిది. ఉల్లిగడ్డయు ఒకటే. భేదము: వారు క్రొత్త పొర తీసిరి, ఇది అయోడిన్ వేసిన పొర. అయోడిన్ కణమును ఏమైన చేసినదా? రేపు రెండు పొరలు ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను."

మరునాడు చూడగా సంగతి తేటపడును. అయోడిన్ తగిలిన కణములు చనిపోవును. నీటిని పోనిచ్చి, దానిలో కరగిన పదార్థములను ఆపగల శక్తి కణపు పైపొరకు ప్రాణమున్నంతవరకే యుండును. ప్రాణము పోయిన పిదప ఉప్పును లోపలికి చొచ్చును, కుంచించుకొనుట యుండదు. పుస్తకములోని వాక్యము తప్పు కాదు. కాని అది జీవించి యున్న కణమును గూర్చి చెప్పిన వాక్యమని ఆ విద్యార్థిని తెలిసికొన్నది. 'మార్పు లేదు' అను రెండు మాటలు దాచిపెట్టి యున్నచో ఆమెకు ఈ జ్ఞానము కలుగకపోవును. ఎఱ్ఱ ఉల్లిగడ్డ వెలుపలి రంగుపొరను తీసికొన్నచో అయోడిన్‌తో పనియే లేదు. కణములోని రంగే కుంచించుకొనుటను చూపును.

'మార్పు లేదు', 'ఏమియు కనబడలేదు' అను మాటలు వ్రాయుటకు విద్యార్థులు సిగ్గుపడుదురు. అట్టి మాటలతో నిండిన పుటల బలముననే ప్రపంచమునకు మేలు చేసిన ఒక గొప్ప పరిశోధన శామీర్‌పేటకు ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరమున జరిగినది.

సికిందరాబాదు చేరువ నున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడుండెను. అతడు 1857లో హిమాలయ ప్రాంతపు ఆల్మోరాలో జన్మించినవాడు. చలిజ్వరము, అనగా మలేరియా, ఆ కాలమున లక్షలకొలది ప్రాణములను బలిగొనుచుండెను. రోగి రక్తములో నల్లని రేణువులు గల సూక్ష్మజీవి యుండునని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లో కనుగొనెను. అది ఒకరినుండి ఒకరికి ఎట్లు చేరునో తెలియదు. దోమలకు ఇందు పాత్ర యున్నదని పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించి రాస్‌నకు చెప్పెను. 1895 నుండి రాస్ దోమలను పట్టి, పెంచి, రోగులను కుట్టించి, వాని కడుపులను కోసి చూచుచుండెను. ఒక్కొక్క దోమను అంగుళమంగుళము వెదకెను. ఏమియు కనబడలేదు. అతడు వాడినవి మలేరియాను మోయని జాతుల దోమలు. ఆ సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. ఐనను ఏ దోమ, ఏ రోగి, ఎన్నవ దినమున కోసినది, ఏమి కనబడినది లేక కనబడలేదు అను వివరములను అతడు వ్రాసికొనుచునే యుండెను.

1897 ఆగష్టు మాసమున రెక్కలపై మచ్చలుగల మరియొక జాతి దోమ అతనికి లభించెను. దాని శాస్త్రీయనామము అతడెరుగడు. పేరు తెలియదని వదలివేయక, రెక్కల మచ్చలను, దాని రూపమును వర్ణించి వ్రాసికొనెను. ఆగష్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగిని ఆ దోమలచే కుట్టించెను; కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి ముట్టజెప్పెను. ఆగష్టు ఉక్కలో పంకా వేసికొనుటకును వీలులేదు. గాలికి దోమలు ఎగిరిపోవును. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను.

20వ తేదీన, అనగా నాలుగవ దినమున, ఒక దోమ కడుపు గోడలో ఇంచుమించు గుండ్రని కణమొకటి కనబడెను. దాని అడ్డుకొలత 12 మైక్రానులు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు ఒక భాగము ఒక మైక్రాను. కణములో నల్లని రేణువులుండెను. అవి రోగి రక్తములోని సూక్ష్మజీవియందుండు రేణువుల వంటివే. దోమ కడుపులో సహజముగా నుండు కణములు ఇట్లుండవని రాస్‌నకు నిశ్చయముగా తెలియును. ఎట్లు తెలియును? రెండేండ్లుగా 'ఏమియు లేదు' అని వ్రాసికొన్న పుటలే ఆ నిశ్చయమునకు ఆధారము. మామూలు కడుపు ఎట్లుండునో అన్నిమార్లు చూచి వ్రాసినవానికే మామూలు కానిది కంటబడును.

మరునాడు మిగిలిన దోమను కోసెను. కణములు మరల కనబడెను. కొలువగా నిన్నటికంటె పెద్దవి. నాలుగవ దినముకంటె అయిదవ దినమున పెద్దవైనచో అవి పెరుగుచున్నవి; పెరుగుచున్నచో అవి దోమ శరీరభాగములు గాక, దోమలో జీవించు మరియొక ప్రాణియై యుండవలెను. కొలత వ్రాసికొనకున్నచో ఈ ఆలోచనకు తావే లేదు. 'పెద్ద కణము', 'చిన్న కణము' అను మాటలు ఒక దినము గడచినంతనే అర్థము కోల్పోవును, సంఖ్య కోల్పోదు. రాస్ వ్యాసము 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. దాని శీర్షికలోనే 'రెండు దోమలలో' అను మాట యుండుట గమనింపదగినది. రెంటిని చూచినవాడు రెండనియే చెప్పెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటుద్వారా వ్యాపించునని అతడు నిరూపించెను. మనుష్యుల మలేరియాకు సంబంధించిన గొలుసును ఇటలీ శాస్త్రజ్ఞులు పూర్తిచేసిరి. 1902లో రాస్‌నకు నోబెల్ బహుమానము లభించెను. ఆగష్టు 20 నేటికిని ప్రపంచ దోమల దినముగా పాటింపబడుచున్నది.

పాఠశాలలో మైక్రానులు కొలుచు పరికరము లేకపోవచ్చును. అందుకు చక్కని ఉపాయము కలదు. మిల్లీమీటరు గీతలుగల పారదర్శకమైన కొలబద్దను తక్కువ శక్తిగల కటకము క్రింద పెట్టి, కనబడు వలయము ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పున్నదో చూడవలెను. అది ఒకటిన్నర మిల్లీమీటర్లు అయినచో, ఆ వెడల్పులో ఆరు ఉల్లికణములు పొడవునకు పట్టినచో, ఒక్కొక్కటి పాతిక వంతు, అనగా 0.25 మిల్లీమీటరు. బొమ్మ ప్రక్కన ఈ కొలతయు, కటకపు శక్తియు వ్రాయనిచో ఆ బొమ్మ ఊరు పేరు లేని ఉత్తరము వంటిది.

బొమ్మలో తనకు కనబడినదే వేయవలెను. గాజుబిళ్లను ఏటవాలుగా, సూదితో మెల్లగా దింపనిచో గాలిబుడగలు చిక్కుకొనును. అవి నల్లని దట్టమైన అంచుతో గుండ్రముగా కనబడును. క్రొత్తవారు వానినే కణములనుకొని ఎంతో శ్రద్ధగా చిత్రించుట కలదు! తరువాత బుడగయని తెలిసినచో ఆ బొమ్మను చెరపివేయ నక్కరలేదు. దానిపై ఒక గీత గీసి, 'ఇది గాలిబుడగ' అని తేదీతో వ్రాసినచో చాలును. ఇంకొకమారు బుడగ కనబడినప్పుడు ఆ పుటయే గురువగును. రబ్బరుతో తుడిచినచో తప్పుతోపాటు దానివలన కలిగిన తెలివియు తుడుచుకొనిపోవును.

ఈ గీత గీయు పద్ధతి పిల్లల పుస్తకములకే పరిమితమైనది కాదు. శామీర్‌పేట పరిసరములలో జీనోమ్ వ్యాలీ అను పేర జీవశాస్త్ర పరిశోధనశాలలు, టీకామందుల కర్మాగారములు వెలసినవి. దాపుననున్న మేడ్చల్ ప్రాంతమున శాంతా బయోటెక్నిక్స్ సంస్థ కామెర్ల రోగములలో నొకటైన హెపటైటిస్-బి నివారణకు, ఈస్టు కణములచే తయారుచేయించిన టీకాను 1997లో వెలువరించెను. జన్యువిద్యతో మనదేశమున తయారైన ఆ రకపు టీకాలలో అదియే మొదటిది. టీకా పసిపిల్లల శరీరములలోనికి పోవునది. కణములను ఎంత వేడిమిలో పెంచిరి, ఎన్ని గంటలకు ఏమి కలిపిరి, ఎవరు కలిపిరి, ఎవరు సరిచూచిరి అను వివరములన్నియు ప్రతి తడవకును ఆ క్షణముననే వ్రాయబడవలెను. సంధ్యవేళ జ్ఞాపకము తెచ్చుకొని వ్రాయుట అక్కడ నేరముతో సమానము. ఏదైన అంకె తప్పినచో దిద్ది, చెరిపి, తెల్లరంగు పూయరాదు. మొదటి అంకె చదువ వీలగునట్లు ఒక్క గీత గీసి, సరియైన అంకె ప్రక్కన వ్రాసి, కారణము చూపి, సంతకము చేసి, తేదీ వేయవలెను. పుటలకు వరుస సంఖ్యలుండును. సిరా ఒలికి ఒక పుట పాడైనను దానిని చించి పారవేయరాదు. పాడైన పుటగానే దానిని ఆ వరుసలో భద్రపరతురు.