బొచ్చుకుక్కకు వేసవిలో గుండు కొట్టించవచ్చా?

మార్చి నెల రాగానే మదనపల్లెలోనూ పుంగనూరులోనూ కుప్పంలోనూ చిన్న బొచ్చుకుక్కను పెంచుకునే ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది: "ఎండలు ముదరకముందే దీని బొచ్చంతా తీయించేయాల." ఆ మాట ప్రేమతో అనేదే. కానీ ఆ కుక్క పొమేరియన్ అయితే దానివల్ల మేలు లేదు, కీడే ఎక్కువ. షీట్జూ అయితే సంగతి వేరు.

పొమేరియన్ అని మనం పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. రెండింటికీ బొచ్చు రెండు పొరలు. పైన పొడుగాటి బిరుసు వెంట్రుకలు, కింద ఒత్తుగా మెత్తటి బొచ్చు. ఆ కింది పొరలో నిలిచిన గాలి చలిని ఆపుతుంది, నెత్తిమీది ఎండనూ కొంత ఆపుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది. ఒంటి వేడిని అది ప్రధానంగా రొప్పుతూ, నోటి తడిని ఆవిరి చేస్తూ దించుకుంటుంది. అందుకే గుండు కొట్టిస్తే మనకు కలిగే హాయి దానికి కలగదు. పైగా తెల్లకుక్కల లేత చర్మం ఎండకు కమిలిపోతుంది. నున్నగా గొరిగిన చోట పై వెంట్రుకలు నెలల తరబడి రాకపోవడం ఈ జాతుల్లో పశువైద్యులకు బాగా తెలిసిన సమస్యే.

షీట్జూ వెంట్రుక తీరు వేరు. ఏ వెంట్రుకైనా కొంతకాలం పెరిగి, ఆగి, రాలుతుంది. ఇక పెరిగింది చాలు, ఆగమని చెప్పే ప్రోటీన్‌ను ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు తయారుచేస్తుంది. ఆ జన్యువులో మార్పు వచ్చిన కుక్కల్లో ఆజ్ఞ బలహీనపడి వెంట్రుక పొడుగవుతూ పోతుంది. ఇదీ, మరో రెండు జన్యువులూ కలిసి కుక్కల బొచ్చు రకాల్లో అత్యధిక భాగాన్ని నిర్ణయిస్తాయని 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. షీట్జూలో ఈ పెరిగే దశ చాలా ఎక్కువ కాలం సాగుతుంది. కాబట్టి దాని వెంట్రుకను ఒక అంగుళం ఉంచి కత్తిరించినా మళ్ళీ మామూలుగానే వస్తుంది.

నిజానికి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండి ఎండ కాస్త తగ్గే ఈ సీమలో ఎండ కంటే పెద్ద బాధ బొచ్చులో పడే చిక్కులది. ఇక్కడి నేలలో పుట్టిన పుంగనూరు ఆవుకు ఒంటినిండా పొట్టి వెంట్రుకే. దాన్ని ఎవరూ దువ్వనక్కరలేదు. చలిదేశపు బొచ్చుతో వచ్చిన కుక్కకు మాత్రం ఆ సేవ మనమే చేయాలి.

వెంట్రుక పైపొర ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిమీదొకటి పేర్చినట్టు ఉంటుంది. రాపిడి తగిలితే ఒక వెంట్రుక అంచులు ఇంకోదాన్ని పట్టేస్తాయి. తడిస్తే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. ఉన్ని స్వెట్టర్ ఉతికితే కుంచించుకుపోయేదీ ఇందుకే. కాబట్టి చిక్కు తీశాకే స్నానం. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం కష్టం తప్పుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, మెడపట్టీ కింద చిక్కు ముందుగా పడుతుంది. బొచ్చును పాయలుగా విడదీసి, స్టీలు దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా చర్మం వైపు రావాలి. ఉండ కట్టిన చోట మొదలును వేళ్ళతో పట్టుకుంటే లాగుడు చర్మానికి తగలదు. కత్తెర తప్పనప్పుడు ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన అడ్డం పెట్టండి. ఉండలోకి చర్మం లాక్కుపోయి ఉంటుంది, మనకు కనబడదు. ఇంట్లో కుక్కలకు కత్తెర గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు. కుక్క చర్మం పైపొర మనదానికంటే పలచన, ఆమ్లగుణమూ తక్కువ. మన ఒంటిసబ్బు దానికి పడదు. బోరునీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టెగా బొచ్చులో మిగిలిపోతుంది కూడా. కుక్కల షాంపూ, గోరువెచ్చని నీళ్ళు వాడి, చెవుల్లోకి నీరు పోకుండా చూసుకోవాలి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద దువ్వుతూ లోపలి బొచ్చుదాకా ఆరనివ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో ఈ ఆరబెట్టడం మరీ ముఖ్యం. తడి నిలిస్తే బొచ్చు కింద పుండ్లు, ఫంగస్ మొదలవుతాయి.

దువ్వేటప్పుడే కాలివేళ్ళ సందులు, చెవుల మడతలు తడిమి చూడాలి. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు అక్కడే ఇరుక్కుంటాయి. గోమార్లు దాక్కునేదీ అక్కడే. రక్తం తాగిన ఆడ గోమారి గోడ పగుళ్ళలో చేరి వేలాది గుడ్లు పెడుతుంది. కిరోసిన్, కర్పూరం పూయకండి. కుక్క నాకితే విషం. గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. గోమారి కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో ఎర్లీకియా జ్వరం రావచ్చు. కుక్క తిండి మానినా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆ రోజే పశువైద్యుడికి చూపించి రక్తపరీక్ష చేయించండి. మొదట్లోనే డాక్సీసైక్లిన్ మందు పడితే చాలా కుక్కలు కోలుకుంటాయి.