బకెట్ పడ్డాక మొదలయ్యే పాఠం

రెండు బెంచీల మధ్య రెండడుగుల ఖాళీ వదలండి. నలుగురేసి పిల్లలున్న ఒక్కో జట్టుకు పాత దినపత్రిక షీట్లు పది, ఒక సెల్లోటేపు చుట్ట, కాస్త పురికొస ఇవ్వండి. ఆ ఖాళీ మీదుగా వంతెన కట్టి, దాని నడుమ ఒక బకెట్ వేలాడదీయాలి. అందులో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పోతే వంతెన ఎంతవరకు మోస్తుందో చూడాలి. టేపుతో వంతెనను బెంచీకి అంటించెయ్యడం మాత్రం కుదరదు. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి బరువులు కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు, లీటరు సీసా ఉంటే చాలు.

హైస్కూలు పిల్లలకు డిజైన్, టెక్నాలజీ నేర్పే కసరత్తుల్లో ఇది చాలా దేశాల్లో నలిగినదే. ఇంగ్లండ్ 1990లో డిజైన్, టెక్నాలజీని జాతీయ పాఠ్యప్రణాళికలో ఒక సబ్జెక్టుగా పెట్టింది. మన దగ్గర అలాంటి సబ్జెక్టు లేదు. సైన్స్ ఫెయిర్ ఉంది, బ్యాగు లేని రోజులున్నాయి, కొన్ని బడుల్లో టింకరింగ్ ల్యాబులున్నాయి. వాటిలో ఈ కాగితపు వంతెన అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. కానీ చాలాచోట్ల దీన్ని సగంలో ఆపేస్తారు. వంతెన విరుగుతుంది, అందరూ నవ్వుతారు, ఎక్కువ మోసిన జట్టుకు పెన్నులిస్తారు, గంట కొడతారు. పిల్లలు నేర్చుకోవాల్సింది ఎక్కువ భాగం ఆ విరిగిన కాగితాల్లోనే ఉంటుంది. వాటిని చెత్తబుట్టలో వేసి తర్వాతి క్లాసుకు వెళ్లిపోతాం.

మొదటి ప్రయత్నంలో ఏం జరుగుతుందో వరసగా చూద్దాం. ఎవరో ఒకరు షీట్లన్నీ దొంతరగా పేర్చి బెంచీల మీద పరుస్తారు. బకెట్ దాకా ఎందుకు, తన బరువుకే అది మధ్యలో జారిపోతుంది. పక్క జట్టులో ఇంకొకరు కాగితాన్ని విసనకర్రలా మడతలు పెడతారు. అదే కాగితం ఇప్పుడు నిటారుగా నిలబడి గ్లాసును మోస్తుంది. కాగితం మారలేదు, బరువు పెరగలేదు. మరి ఈ బలం ఎక్కణ్నుంచి వచ్చింది?

దీనికి జవాబు పిల్లల కంపాస్ బాక్సులోనే ఉంది. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్కేలును పడుకోబెట్టి వంచితే సులువుగా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి వంచమనండి, వంగదు. దూలం వంగకుండా నిలిచే గుణం దాని వెడల్పుతో మామూలుగానే పెరుగుతుంది, కానీ ఎత్తుతో ఘనంగా పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లన్నమాట. స్కేలు లెక్క వేస్తే, పడుకున్నప్పుడు 30ని 3 ఘనంతో గుణించాలి, అంటే 810. నిలబడ్డప్పుడు 3ని 30 ఘనంతో గుణించాలి, అంటే 81,000. తేడా నూరు రెట్లు. ఘనం అనే మాట లెక్కల పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని నమ్మకం ఈ స్కేలును చేత్తో వంచితే వస్తుంది. మడతలు పెట్టిన కాగితం చేసిందీ అదే, తన ఎత్తు పెంచుకుంది. రేకుల షెడ్డు పైకప్పులో వంపులు పెట్టేది కూడా ఇందుకే.

మడతల దగ్గర ఆగని జట్లు గొట్టాలు చుట్టడం మొదలుపెడతాయి. షీటు మూల నుంచి ఒక సైకిల్ స్పోకు చుట్టూ బిగుతుగా చుట్టుకుంటూ పోయి, చివర టేపు వేసి, స్పోకు లాగేస్తే గట్టి కాగితపు కర్ర తయారవుతుంది. ఇలాంటి నాలుగు కర్రలతో చదరం కడితే అది నిలవదు. ఒక మూల నొక్కగానే పక్కకు ఒరిగిపోతుంది. మూడింటితో కట్టిన త్రిభుజం ఒరగదు. భుజాల పొడవులు మూడూ స్థిరంగా ఉంటే త్రిభుజానికి ఒకే ఆకారం సాధ్యం. చదరానికి అలా కాదు, అవే భుజాలతో ఎన్ని ఏటవాలు ఆకారాలైనా వస్తాయి. జ్యామితి పాఠంలో త్రిభుజాల సర్వసమానత్వం రుజువు చేసేటప్పుడు మూడు భుజాల నియమం అంటూ వల్లె వేయించేది ఈ సంగతినే.

దీన్ని ఇంకా చవగ్గా చూపించే దారి అరవింద్ గుప్తా చూపించారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణేలో ట్రక్కులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరుగా ఉన్న ఆయన 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్లారు. అక్కడే అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజాలు, చదరాలు, గుడారాలు కట్టే పద్ధతి రూపొందించారు. ట్యూబు ముక్క కీలులా వంగుతుంది కాబట్టి ఏ ఆకారం నిలుస్తుందో, ఏది ఒరుగుతుందో వేలికి తెలిసిపోతుంది. కొవ్వూరు నుంచి రాజమండ్రికి 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీదుగా రైల్లో వెళ్లినవాళ్లకు కిటికీ బయట ఒకదాని వెంట ఒకటి వెనక్కి పరుగెత్తే ఏటవాలు ఉక్కు దూలాలు గుర్తుండే ఉంటాయి. పైన రోడ్డు, లోపల రైలు. రెంటినీ మోసే ఆ చట్రం మొత్తం త్రిభుజాలే.

ఇక బకెట్ దగ్గరికి వద్దాం. మూడో లీటరు దాకా అంతా బాగుంటుంది. నాలుగో లీటరు పోస్తుండగా పై వరసలో ఉన్న పొడవాటి గొట్టం నెమ్మదిగా పక్కకు విల్లులా వంగడం మొదలవుతుంది. ఎవరూ గమనించరు, అందరి కళ్లూ బకెట్ మీదే. ఐదో లీటరులో చటుక్కున మడత పడి, వంతెన మొత్తం మూసుకుపోయి బకెట్ నేలమీద పడుతుంది. గదంతా నీళ్లు.

‘‘టీచర్, కింద గొట్టం తెగిపోయింది, అందుకే పడింది.’’

‘‘తెగిందా? ఏదీ, పట్టుకుని చూపించమ్మా.’’

చూస్తే కింద గొట్టం చెక్కుచెదరలేదు. పై గొట్టం నడిమధ్యలో ముడత పడి ఉంది. ఇంకో జట్టు వంతెనలో గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి, అతుకు దగ్గర టేపు ఊడింది. ఈ రెండూ రెండు వేర్వేరు జబ్బులు. మందు ఒకటే వేస్తే కుదరదు. కానీ ఏం చేద్దామని అడగ్గానే పిల్లలందరి నోటా వచ్చే మాట ఒక్కటే: ఇంకా టేపు వేద్దాం.

నడుమ బరువు వేలాడే వంతెనలో కింది వరస లాగుడుకు, పై వరస నొక్కుడుకు గురవుతాయి. లాగుడును కాగితం బాగానే తట్టుకుంటుంది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఏ వస్తువునైనా రెండు చివర్ల నుంచి నొక్కితే మాత్రం అది నలిగే లోపే పక్కకు వంగి చేతులెత్తేస్తుంది. ఇంజినీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ దీనికి కట్టిన సూత్రం ప్రకారం, పొడవు సగమైతే ఆ కర్ర మోసే బరువు నాలుగు రెట్లవుతుంది. పరీక్షించడానికి కొబ్బరి ఈనె చాలు. మొదలు వైపు నుంచి ఒక జానెడున్నర ముక్క తీసుకుని, వంటింటి డిజిటల్ తూకం మీద నిటారుగా నిలబెట్టి, పైనుంచి వేలితో నొక్కండి. ఈనె వంగడం మొదలయ్యేసరికి తూకం చూపించే అంకె రాసుకోండి. ఆ ముక్కనే సగానికి విరిచి మళ్లీ నొక్కండి. అంకె సుమారు నాలుగింతలవుతుంది. ఈనె అన్నిచోట్లా ఒకే లావు ఉండదు కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఈ ఒక్క కొలతతో రెండో వంతెన తీరు మారిపోతుంది. పై గొట్టం మీద ఇంకో షీటు చుట్టడం కంటే, దాని నడుమ ఒక చిన్న ఆనుడు కర్ర పెడితే గొట్టం స్వేచ్ఛగా వంగగలిగే పొడవు సగమవుతుంది. ముక్క కాగితంతో నాలుగింతల బలం వచ్చిందన్నమాట. గొట్టం పక్కకు కూడా వంగగలదు కాబట్టి ఆనుడు ఒక్క దిక్కున సరిపోదని పిల్లలకు మూడో వంతెనలో తెలుస్తుంది. అతుకు ఊడిన జట్టుకు ఇదేమీ పనికిరాదు. వాళ్లు గొట్టం చివరలను నొక్కి చదును చేసి, ఒకదానిలో ఒకటి దూర్చి, పురికొసతో కట్టుకోవాలి. చదును చేసిన చోట మళ్లీ ముడత పడుతుంది, అది వేరే తంటా.

వంగడం ముందే కనబడుతుందని చెప్పాను కదా. పెద్దవాళ్ల వంతెనల్లోనూ కనబడింది. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్యూబెక్ వంతెన 1907 ఆగస్టు 29న సాయంత్రం, పని ముగిసే వేళకు కాస్త ముందు కూలిపోయింది. 75 మంది చనిపోయారు. అది క్యాంటిలీవర్ వంతెన కాబట్టి అక్కడ లెక్క తలకిందులు, నొక్కుడు పడేది కింది వరస మీద. డిజైన్ మధ్యలో నడుమ ఖాళీని 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు. దానికి తగ్గట్టు వంతెన సొంత బరువు మళ్లీ లెక్క కట్టలేదు. కూలడానికి ముందే కింది దూలాలు కొన్ని వంకర తిరగడం అక్కడి ఇంజినీర్లు చూశారు, కొలిచారు, రాసుకున్నారు. దాని మీద వాదించుకుంటూ ఉండగానే రోజులు గడిచిపోయాయి. ఇంక బరువు వెయ్యొద్దన్న తంతి అమెరికాలో ఉన్న తయారీ కంపెనీకి చేరిన రోజే వంతెన పడిపోయింది. మళ్లీ కట్టారు. 1916లో నడిమి భాగాన్ని పైకెత్తుతుండగా అది జారి నదిలో పడి 13 మంది పోయారు. 1917లో పూర్తయిన వంతెన ఇవాళ్టికీ నిలిచి ఉంది, క్యాంటిలీవర్ వంతెనల్లో దాని నడిమి ఖాళీయే ఇప్పటికీ అతి పెద్దది.

ఈ కథ చెప్పాక పిల్లలకు బకెట్ కంటే గొట్టాల మీద చూపు నిలుస్తుంది. లీటరు లీటరుకూ ఏ గొట్టం ఎటు వంగిందో ఒకరు నోటుబుక్కులో గీయాలి. జట్టులో ఆ పని అందరికీ వంతుల వారీగా రావాలి, కత్తెర కూడా అంతే. లేకపోతే గట్టిగా మాట్లాడే ఒక్కడే అన్నీ కట్టేస్తాడు, అందంగా రాసే అమ్మాయి చివరిదాకా రాస్తూనే ఉంటుంది.

ముందే బొమ్మ గీయించాలా, కట్టాక గీయించాలా అన్నది టీచర్లు తరచూ అడిగే ప్రశ్న. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం పరిశోధకులు ఆరో తరగతి స్థాయి పిల్లలతో సంచులు, బరువెత్తే గాలిమర నమూనాలు, తోలుబొమ్మల్లాంటి ఆటబొమ్మలు చేయించి చూశారు. నగరాల్లోనూ, పల్లెల్లోనూ. ముందు బొమ్మ, కావలసిన సామాను జాబితా, ఏ పని తర్వాత ఏ పని అన్న పథకం, ఆ తర్వాతే తయారీ, చివర తమ పనిని తామే బేరీజు వేసుకోవడం అన్నది వాళ్ల క్రమం. ఈ క్రమం మంచిదే. ఇబ్బందల్లా దాన్ని ఒక్కసారి తిరిగి ఆపేస్తే వస్తుంది. 1980ల చివర్లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ కింబెల్ బృందం 15 ఏళ్ల పిల్లలు సుమారు పదివేల మంది పనిని పరిశీలించి, డిజైన్ అనేది మెట్లెక్కినట్టు సాగదనీ, తలలో ఊహ, చేతిలో వస్తువు ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతాయనీ తేల్చింది. గోడమీద ఐదు మెట్ల చార్టు తగిలించి, ఐదో మెట్టు ఎక్కగానే మార్కులు వేసే పద్ధతిలో ఆ తిరుగుడుకు చోటుండదు.

కాబట్టి మార్కులు దేనికి వెయ్యాలో ముందే తేల్చుకోవాలి. మోసిన బరువును వంతెన సొంత బరువుతో భాగించండి. తూకానికి అదే వంటింటి తూకం చాలు. టేపు కుమ్మరించిన జట్టు బరువు ఎక్కువ మోసినా ఈ లెక్కలో వెనకబడుతుంది. దీనికి సగం మార్కులు చాలు. మిగతా సగం మొదటి వంతెనకూ రెండోదానికీ మధ్య ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్న రెండు పేరాలకు. ‘‘పై గొట్టం నాలుగో లీటరులో వంగింది కాబట్టి నడుమ ఆనుడు పెట్టాం’’ అని రాసిన పిల్లవాడి రెండో వంతెన మొదటిదాని కంటే తక్కువ మోసినా వాడికి మార్కులు రావాలి. ఈ కసరత్తుకు రెండు పీరియడ్లు కలిపి ఒకసారి, వారం విడిచి ఇంకోసారి కావాలి. సిలబస్ ఒత్తిడి సంగతి తెలుసు. రెండు వంతెనలకు టైము లేకపోతే, అడుగు ఖాళీతో చిన్న వంతెనలు చేయించండి. ఒకే ఒక్క పెద్ద వంతెన కంటే రెండు చిన్నవి మేలు.

నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడుల్లో 3డీ ప్రింటరు ఉంటుంది. చాలాసార్లు దాంతో కీచెయిన్లు, ఈఫిల్ టవర్ బొమ్మలు ముద్రించి అద్దాల బీరువాలో పెడతారు. అతుకులు ఊడిన జట్టుకు ఆ ప్రింటరు అప్పజెప్పండి. కాగితపు గొట్టం చివరలు దూరే మూడు నోళ్ల కీలు ఒకటి గీసి, ముద్రించి, అమర్చమనండి. మొదటిది వదులో బిగుతో అవుతుంది, ఎందుకంటే చేత్తో చుట్టిన గొట్టాలు రెండు ఒకే లావుండవు. రెండో కీలు సరిపోయాక వంతెనను మళ్లీ తూకం వేస్తే, కాగితం కంటే ప్లాస్టిక్ కీళ్ల బరువే ఎక్కువగా ఉండొచ్చు. అప్పుడు ఆ భాగహారం మళ్లీ చెయ్యాలి. పురికొస ముడి గెలిచిందా, ప్రింటరు గెలిచిందా అన్నది జట్టు తేల్చుకుని నోటుబుక్కులో రాస్తుంది.