వాన ఎగువన, వరద మన లంకలో

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ సంగతి అందరూ విన్నారు. మరి ఆ నీళ్లు తరవాత ఎటు పోయాయి? మన కొల్లేట్లోకే వచ్చాయి. ఇక్కడ వాన వెలిసింది. ఎండ కాసింది. అయినా లంకల చుట్టూ నీరు పెరుగుతూనే ఉంది. ఏలూరు - కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారాయి. కొన్ని లంకలకు పడవలే దిక్కయ్యాయి.

ఎండలో వరద ఏమిటి?

కొల్లేరు పెద్ద పళ్లెం లాంటిది. ఒక పక్క కృష్ణా డెల్టా. ఇంకో పక్క గోదావరి డెల్టా. మధ్యలో ఈ పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఇందులోకే వస్తాయి. ఏలూరు పక్క నుంచి పారేది తమ్మిలేరే. ఇవి కాక పొలాల మురుగు కాలవలు ఎన్నో ఉన్నాయి. వచ్చే దారులు ఇన్ని. పోయే దారి మాత్రం ఒక్కటే. అదే ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. ఆ దారిలో వాటం తక్కువ. నీరు మెల్లగా కదులుతుంది. సముద్రం పోటు మీద ఉంటే ఇంకా మెల్లగా లాగుతుంది. దానికి తోడు పూడిక, గుర్రపు డెక్క, చేపల చెరువుల గట్లు అడ్డం.

వేసవిలో కథ తిరగబడుతుంది. కొల్లేట్లో నీరు తగ్గితే సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేరు గుండా పైకి ఎక్కుతుంది. అప్పుడు బిందె పట్టుకుని మంచినీళ్లకు దూరం నడిచేది ఆడవాళ్లే కదా!

‘ఐదో కాంటూరు’ అనే మాట మీరు వినే ఉంటారు. సముద్ర మట్టం కంటే 5 అడుగుల ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీత అది. గీత లోపలి నేల ఇంకా పల్లం. అక్కడ 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల కోసం అభయారణ్యం చేశారు. లోపల చేపల చెరువులు ఉండకూడదన్నారు. 2006లో గట్లు కొట్టేశారు. నీటికి దారి దొరికింది. కానీ చెరువులో వాటా పోయినవాళ్లు, కూలి పోయినవాళ్లు చాలామంది. తరవాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఈ తగాదా ఇంకా తెగలేదు.

బుడమేరు గానీ తమ్మిలేరు గానీ పొంగిందని వార్త వింటే, ఇక్కడ ఎండగా ఉంది కదా అనుకోవద్దు. ఆ నీరు లంకలకు చేరేలోగా కొంత వ్యవధి ఉంటుంది. పశువుల్ని మెరక మీదికి తోలుకోవచ్చు. బియ్యం, రేషను కార్డు, పట్టా కాగితాలు, పొదుపు పుస్తకం అటక మీదికి ఎక్కించుకోవచ్చు.