వీసా వచ్చింది సరే, అక్కడ దిగాక ఆఫీసర్ ఏం అడుగుతాడు?

బెజవాడ వన్ టౌన్ నుంచి మాట్లాడుతున్నా. జూలై వచ్చిందంటే మన వైపు ఒకటే హడావిడి. కాళేశ్వరరావు మార్కెట్‌లో కారం, పసుపు, బీసెంట్ రోడ్‌లో బట్టలు, ఇంట్లో పచ్చళ్ల ప్యాకింగ్. కుక్కర్ ఎన్ని లీటర్లది తీసుకెళ్లాలో అందరూ అడుగుతారు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడితే ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఈ ఎపిసోడ్ దాని గురించే. అమెరికా ఎఫ్-1 స్టూడెంట్స్ కోసం.

ఫస్ట్ క్లారిటీ. వీసా అంటే లోపలికి రానిస్తామన్న గ్యారంటీ కాదు. తలుపు దాకా వెళ్లి తట్టడానికి పర్మిషన్, అంతే. తీయాలా వద్దా అన్నది అక్కడి ఆఫీసర్ ఇష్టం.

2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుల నుంచి 21 మంది మన దేశం స్టూడెంట్స్‌ని వెనక్కి పంపేశారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. ఫోన్లు, వాట్సాప్ చాట్‌లు కూడా చూశారని వార్తల్లో వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నవాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి.

మరి ఎక్కడ దొరికిపోతారు? నేను చూసినంతలో ఎక్కువగా మూడు చోట్ల.

ఒకటి, డీఎస్-160. ఫామ్ కన్సల్టెన్సీ వాళ్లు నింపుతారు, మనం ఓకే అంటాం. కానీ కింద సంతకం మనదే, బాధ్యత మనదే. ప్రింట్ తీసుకుని లైన్ లైన్ చదవండి. అందులో స్పాన్సర్ నాన్న అని ఉండి, మీరు అక్కడ మావయ్య అంటే పని అయిపోయినట్టే.

రెండు, డబ్బు. ఫీజు ఎంత, లోన్ ఎంత, మిగతాది ఎవరు కడతారు. ఐ-20లో ఉన్న అంకె మీకు నోటికి రావాలి.

మూడు, ఫోన్. బోర్డర్‌లో ఫోన్ చెక్ చేసే అధికారం వాళ్లకుంది. "అన్నా, గ్యాస్ స్టేషన్‌లో జాబ్ రెడీగా ఉందా?" అన్న ఒక్క మెసేజ్ చాలు. డిలీట్ చేస్తే సరిపోతుందిగా అంటారేమో. ప్రాబ్లం మెసేజ్ కాదు, ప్లాన్. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు. క్యాంపస్ లోపల కూడా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. పార్ట్ టైమ్ చేసి ఫీజు కట్టేద్దాం అనే లెక్క మీద ఇల్లు తాకట్టు పెడుతుంటే, ఇక్కడే ఆగి అమ్మానాన్నతో కూర్చుని మాట్లాడండి.

ఇక కాలేజీ సంగతి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు. అది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లే పెట్టిన డమ్మీ. 2019 జనవరిలో బయటపడింది. అప్పుడు కేసు పడిన ఎనిమిది మంది రిక్రూటర్లలో తెలుగువాళ్లు ఉన్నారు, అరెస్టైన స్టూడెంట్స్‌లోనూ ఉన్నారు. క్లాసుకి వెళ్లక్కర్లేదు, మొదటి రోజు నుంచే జాబ్ చేసుకోవచ్చు అని ఎవరైనా అంటే అది ఆఫర్ కాదు, వల.

ఆఫీసర్ పక్క రూమ్‌కి తీసుకెళితే కంగారు పడొద్దు. అడిగినదానికే నిజం చెప్పండి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. ఎందుకంటే వెనక్కి పంపడంలో రెండు రకాలున్నాయి. మన అప్లికేషన్ మనమే వెనక్కి తీసుకోనిస్తే బ్యాన్ ఉండదు, ఆ వీసా మాత్రం సాధారణంగా క్యాన్సిల్ అవుతుంది. రిమూవల్ ఆర్డర్ ఇస్తే మామూలుగా ఐదేళ్ల బ్యాన్. ఏది ఇవ్వాలన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది, కానీ మొదటిది అడగొచ్చని మీకు తెలిసి ఉండాలి.

టికెట్ బుక్ చేసేముందు ఐ-20లో ప్రోగ్రామ్ డేట్ చూడండి. దానికి 30 రోజుల కంటే ముందు లోపలికి రానివ్వరు. పాస్‌పోర్ట్, ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, లోన్ లెటర్, అడ్మిషన్ లెటర్ హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉండాలి. చెకిన్ సూట్‌కేసులో పెడితే ఆఫీసర్ అడిగేటప్పటికి అది ఇంకా మీ చేతికి రాదు.

చివరిగా పచ్చళ్లు. చికెన్, మటన్ పచ్చడి వద్దు, మాంసంతో చేసినవి తీసేస్తారు. ఆవకాయ, గోంగూర పెట్టుకోండి, కానీ కస్టమ్స్ డిక్లరేషన్‌లో ఫుడ్ ఉందని చెప్పండి. దాస్తే ఫైన్.

ఈ వారం ఒక్క పని చేయండి. నాన్నని ఆఫీసర్‌లా ఎదురుగా కూర్చోబెట్టి, డీఎస్-160 ఆయన చేతికిచ్చి ప్రశ్నలు అడగమనండి. తడబడితే ఇంట్లోనే తడబడండి, ఇక్కడైతే సరిదిద్దుకోవచ్చు. ఫ్లైట్ ఎక్కబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.