కొండబాటలో పాము

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వములో రురుని కథ యొకటి కలదు. స్థూలకేశ మహర్షి ఆశ్రమమున పెరిగిన ప్రమద్వర, పెండ్లి కొలదినాళ్లలో జరుగనుండగా, చెలికత్తెలతో ఆడుకొనుచు దారిలో పడియున్న పామును గమనింపక త్రొక్కినది. పాము కరచినది; బాలిక నేలకొరిగినది. ఆమెను వరించిన రురుడు తన ఆయువులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొనెను. కథ అంతటితో ముగియలేదు. పాములపై కసి పెంచుకొని రురుడు కంటబడిన పామునెల్ల కఱ్ఱతో చంపుచు అడవులు తిరుగజొచ్చెను. ఒకనాడు ముసలి డుండుభ మొకదానిపై కఱ్ఱ యెత్తగా, అది మనుష్యవాక్కుతో, తాను విషములేని జాతిదాననియు, అతనికేమియు అపకారము చేయలేదనియు మొరపెట్టుకొనెను.

తరగతిలో ఈ కథ చెప్పునప్పుడు ఆయుర్దానము మీదను శాపవృత్తాంతము మీదను దృష్టి నిలుచుట సహజము. అడవిబాట నడచువారు మాత్రము వేఱొక విషయమును గమనింపవలసియున్నది. పాము ప్రమద్వరను వెదకికొని రాలేదు. ఆమె పాదమే చూడక దానిపై పడినది. ఇక రురుడు పాములపై పగ పట్టినవాడే కాని, విషమున్న దానిని లేనిదానినుండి గుర్తెఱుగలేదు. నేటికిని కొండలమీద జరుగు పాముకాటులలో మిక్కిలి భాగమునకు కారణములు ఈ చూడమియు ఈ ఎఱుగమియునే.

తెలుగునాట కొండనడక క్రొత్త వేడుక కాదు. శివరాత్రికి ఆత్మకూరు సమీపమందలి వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమల దాటి శ్రీశైలము చేరు కాలిబాటను వేలకొలది యాత్రికులు నేటికిని నడచుచున్నారు. అహోబిలమున నవనారసింహులను దర్శింప గోరువారు వాగులు దాటి, బండలెక్కి పోవలయును. తిరుమలకు అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్లు ఉండనే యున్నవి. కార్తికమాసమున ఉసిరిచెట్ల నీడను వనభోజనములకు బడిపిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులు ప్రతి ఊరను కలరు. శివరాత్రినాటికి నల్లమల చెట్లు ఆకురాల్చి, బాట పొడుగునను ఎండుటాకులు దట్టముగా పరచుకొనియుండును. కార్తికమునందో, వానలకు పెరిగిన గడ్డి మోకాలెత్తున నిలిచియుండును. ఈ రెండును పామును దాచునవే.

అయినను భయమునకు కొలత యుండవలయును. 2020లో వెలువడిన ఒక విస్తారమైన పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన మరణించినవారు సుమారు 12 లక్షలు. అనగా ఏటికి సగటున 58 వేలు. ఇందులో డెబ్బదిపాళ్లు ఎనిమిది రాష్ట్రముల పల్లపు పల్లెసీమలలోనే సంభవించినవి. ఆ ఎనిమిదింటిలో, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశము ఒకటి. మరణములలో సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల వానకాలమున జరిగినవి. వీరిలో అధికసంఖ్యాకులు వరినాట్లలో దిగినవారు, చీకటిలో పొలముగట్టున నడచినవారు, నేలమీద పరుండినవారు. కొండనెక్కు యాత్రికుని అపాయము వీరి అపాయముతో పోల్చదగినది కాదు. కాని అతనికొక చిక్కు కలదు. కాటుపడినచోటినుండి ఆసుపత్రికి గల దూరము రైతుకంటె అతనికి ఎక్కువ.

వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని గూర్చి చెప్పుదురు: మసకచీకటిలో త్రాటిని చూచి పామని భ్రమించుట. బాటసారికి ఈ భ్రాంతివలన నష్టమేమియు లేదు; ఒక్క గెంతు గెంతి తరువాత నవ్వుకొనును. దీనికి తలక్రిందైన భ్రాంతియే ప్రాణాంతకము. పామును చూచి ఎండుకొమ్మ యనుకొనుట, ఆకులకుప్ప యనుకొనుట. రక్తపింజరి మేనిమీది గోధుమవన్నె మచ్చలు ఎండుటాకులలో ఎంతగా కలిసిపోవుననగా, దానిని చూచుచునే చూడకపోవుట సంభవించును. అది త్రాచువలె చప్పున తప్పుకొని పోదు, చుట్టచుట్టుకొని కదలకుండును. దగ్గరకు పోయిన కుక్కరు కూతవలె పెద్దగా బుసకొట్టును. ఆ బుస వినబడినప్పుడు చేయవలసినదెల్ల నిలిచిపోయి, పామెచ్చటనున్నదో కనిపెట్టి, వచ్చినవైపునకే మెల్లగా వెనుదిరుగుట. పాము సాధారణముగా తన పొడవులో మూడవవంతు మొదలు సగము వరకే ముందుకు దూకి కరవగలదు. రెండు బారల దూరమున నిలిచినవానికి దానివలన భయము లేదు.

పామునకు వెలుపలి చెవి లేదు. నేల అదురును దవడయెముకద్వారా గ్రహించును. బరువుగా అడుగువేయుచు పోవువాని రాకను ముందుగనే తెలిసికొని చాలభాగము పాములు ప్రక్కకు తొలగును. వరుసలో మొదట నడచువాడు కఱ్ఱతో గడ్డిని కదలించుచు నడచుట అందుచేతనే మంచిది. అడ్డముగా పడిన మ్రానును ఒక్క అంగలో దాటక, మొదట దానిపై కాలుంచి, ఆవలివైపు చూచి దిగవలయును. చీలమండ దాటిన బూట్లు, వదులైన పంట్లాము కాటులను కొన్నిటినైనను కోఱ చర్మమునంటకుండ ఆపును. ప్రొద్దుగ్రుంకిన తరువాత టార్చిలైటు లేక అడుగు కదపరాదు.

వనభోజనములలో ఒక అలవాటును ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపవలయును. పొయ్యికి మూడు రాళ్లు కావలెనన్నంతనే పిల్లలు పోటీపడి బండసందులలో చేతులు పెట్టి రాళ్లు పెల్లగింతురు. మెట్టనేలలలో అట్టి రాళ్ల క్రిందనే చిన్న పింజరి దాగియుండును. పొడవున మూరెడైనను లేని దీనిని చూచి పాముపిల్ల యని తేలికగా తలచుట కద్దు. ఇది ఒడలిని మెలికలుగా త్రిప్పి, ఱంపపుపండ్ల వంటి పొలుసులను ఒకదానితో నొకటి ఒరయించి గరగర చప్పుడు చేయును. దాని పరిమాణము చూచి మోసపోరాదు, మెఱుపువలె కరచును. రాయి కావలసిన కఱ్ఱతో దొర్లించి తీయవచ్చును. పుల్లలేరుటకును ఇదే నియమము. ఈ పనులు పెద్దవారు చేసిన మఱింత మేలు.

ఇట నొక చరిత్ర చెప్పదగియున్నది. తెలుగు బోధించువారికిది ప్రీతికరము. స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు 1780 దశకమున విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటుతో జనులు మరణించుట చూచి, విషసర్పములను లేనివానినుండి సామాన్యులు సైతము గుర్తించుటకు సులభమైన మార్గము కనుగొనవలెనని ఆయన పూనుకొనెను. కోరమండలతీరమున సేకరించిన పాములను రంగుచిత్రములతో వర్ణించిన ఆయన గ్రంథము 1796లో వెలువడెను. విశేషమేమనగా, శాస్త్రనామము లింకను స్థిరపడని ఆ కాలమున ఆయన పాములకు జనుల నోట విన్న పేళ్లనే వ్రాసికొనెను. రక్తపింజరి ఆ గ్రంథమున ‘కాటుక రేకుల పొడ’. పొడ యనగా మచ్చ. నల్లని అంచులుగల ఆ మచ్చలకు అంతకంటె తగిన పేరు దొరకుట కష్టము. పసుపు, నలుపు పట్టెలు గల ఒక కట్లపాము జాతిని తెలుగువారు ‘బంగారు పాము’ అనిరి. రసెల్ వ్రాసికొన్న ఆ పేరునుండియే కట్లపాముల ప్రజాతి కంతటికిని ‘బంగారస్’ అను శాస్త్రనామము ఏర్పడినది. ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమున కట్లపామును గూర్చి చదివినను ఈ తెలుగుమాటను పలుకక తీరదు. రక్తపింజరికి మాత్రము రసెల్ పేరే శాస్త్రలోకమున నిలిచినది.

ఆయన కోరిన సులభమార్గము పూర్తిగా నేటికిని దొరకలేదనియే చెప్పవలయును. భారతదేశమున పాముజాతులు 300కు పైగా కలవు; వానిలో విషముగలవి సుమారు 60. మరణములలో అత్యధికభాగమునకు కారణమైనవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగే. ఈ నాలుగింటిని పోలిన అమాయకపు పాములును కలవు. జెఱ్ఱిపోతును త్రాచని చంపుట ప్రతిదినము జరుగు అన్యాయము. ఎలుకలను తిని పంట కాపాడు ప్రాణి అది. దీనికి ఎదురైన పొరపాటు ఇంకను ఘోరమైనది: రక్తపింజరిని కొండచిలువ పిల్ల యనుకొని చేతబట్టుట. ఉత్తరాంధ్ర మన్యపు తేమయడవులలో గిరినాగు కలదు. దాని నిడివిని చూచినవారు గుండెలు చిక్కబట్టుకొందురు గాని, ఇతరసర్పములను తిని బ్రతుకు ఆ పాము మనుష్యుని కరచుట మిక్కిలి అరుదు. ఏదెట్లున్నను బాటసారికి పామును పరీక్షించు పని లేదు. ఏ పామునైనను ముట్టకుండుట, చంపబోకుండుట చాలును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఇందుకు తోడుగనే యున్నది. కఱ్ఱ యెత్తి మీదికి పోయినవాడు పాము అందుబాటులోనికి తానై పోవుచున్నాడు.

రాత్రి అడవిలో మకాము చేయువారు కట్లపామును గూర్చి యెఱిగియుండవలెను. పగలు దాగి రాత్రి తిరుగు ఈ పాము, నేలపై పరుండినవారిని నిద్రలో కరచును. దీని కాటు చీమ కుట్టినంతయైనను తెలియకపోవచ్చును, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పియని లేచిన పిల్లవానికి రాత్రి తిన్న పులిహోర పడలేదని తలచి వాము నమిలింతురు. అంతలో కనురెప్పలు వ్రాలును, మాట తడబడును, మ్రింగుట కష్టమగును. ఊపిరి ఆడకపోవుటయే తరువాతిది. దోమతెరను పడక క్రిందికి గట్టిగా దోపికొని పరుండిన దోమయు రాదు, పామును రాదు. తెల్లవారి బూట్లను దులిపి తొడుగుకొనవలెను.

కాటుపడిన తరువాత జరుగు అపచారములు కాటుకంటె తక్కువవి కావు. గాయమును కోయుదురు, నోట పీల్తురు, నల్లరాయి నంటింతురు, తొడకు త్రాడు బిగింతురు. కోసినచో పింజరి విషము సోకిన రక్తము గడ్డకట్టక కారిపోవును. బిగించినచో కాలు కుళ్లవచ్చును. కట్టు విప్పినప్పుడు విషము ఒక్కమాఱుగా మీదికి పోవచ్చును. మంత్రగాని ప్రతిష్ఠకు మూలమెచ్చటనో చెప్పుట కష్టము కాదు. కరచిన పాములలో ఎన్నియో విషములేనివి. విషముగలవియు కొన్నిమాఱులు విషము వదలకయే కరచును. అట్టివారందరును మంత్రము లేకున్నను బ్రతుకువారే. వారు బ్రతికినది లోకము చెప్పుకొనును. నిజముగా విషమెక్కినవాడు మంత్రగాని అరుగుమీద కోల్పోయిన గంటలను ఎవరును చెప్పుకొనరు. రెండు శతాబ్దములకు ముందే రసెల్, పాముకాటునకు దివ్యౌషధమని ప్రసిద్ధికెక్కిన తంజావూరు మాత్రను పరీక్షించి, దానివలన ప్రయోజనము లేదని తేల్చెను. మాత్ర పేరు మాఱినది, అమ్మకము మాఱలేదు.

ఆసుపత్రిలో జరుగునది తెలిసినచో తొందర యెందుకో బోధపడును. కరచినది ఏ పామో తెలియకున్నను వైద్యునికి చిక్కులేదు. శుభ్రమైన క్రొత్త గాజుగొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి ఇరువది నిమిషములు కదలింపక ఉంచును. రక్తము గడ్డకట్టనిచో పింజరి విషము పని చేయుచున్నదన్నమాట. కనురెప్పలు వ్రాలినచో త్రాచో, కట్లపామో. విరుగుడుమందు ఆ నాలుగు పాములకును కలిపి ఒకటే. దానికి కావలసిన విషమును సేకరించుటలో చెన్నపట్టణము చేరువ వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల సహకారసంఘమువారు ప్రసిద్ధులు. ఆ విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱముల కెక్కించి, వాని రక్తమునుండి మందు తయారుచేయుదురు. పిల్లవానికైనను పెద్దవానికైనను మోతాదు ఒకటే. ఏలయన పాము పిల్లవాడని విషము తగ్గించి కరవదు. ఈ మందు వికటించుటయు కలదు కనుక ఆసుపత్రిలోనే ఎక్కింపవలయును. సంచిలో పెట్టుకొని కొండనెక్కదగినది కాదు. 2024లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన కార్యప్రణాళిక పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని సంకల్పించినది.

కొండమీద కాటుపడిన పిల్లవానిని నడిపింపరాదు, పరుగెత్తింపరాదు. ధైర్యము చెప్పి కూర్చుండబెట్టి, ఉంగరము, కడియము, మొలత్రాడు, బూటు వాపు రాకముందే తీయవలయును. కాటుపడిన కాలికి కఱ్ఱబద్ద నుంచి గుడ్డతో వదులుగా చుట్టి కదలకుండ చేయవలయును. వాహనము పోనిచోట రెండు గడలు, రెండు దుప్పట్లు ఉన్నచో డోలీ యగును. మన్యములో నేటికిని రోగులను మోసికొని వచ్చునది దానితోనే. ఒకరు ముందుగా దిగి, ఫోను సంకేతము అందినచోటినుండి 108కి చెప్పి, అంబులెన్సును కొండమొదట నిలిపియుంచవలయును. పామును చంపి తెచ్చు ప్రయత్నమున మఱియొకరు కాటుపడకుండ చూడవలయును. మోయువారితోపాటు నడచు ఉపాధ్యాయుడు ఒక చీటిమీద కాటుపడిన వేళ, వాపు ఎంతవరకు ప్రాకినదియు, కనురెప్పలు వ్రాలినచో వ్రాలిన వేళయు వ్రాసి ఉంచవలయును. వైద్యుడు అడుగు తొలి ప్రశ్నలలో ఆ వేళ యొకటి.