బడితోట కూడ నిత్యకైంకర్యమే



తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లి, అన్నమును సమృద్ధిగా పండించుటను ఒక వ్రతముగా విధించినది. మన కృష్ణా డెల్టాలో ఆ వ్రతమునకు లోటు లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతములు వరికి పుట్టినిండ్లైనవి. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, మన రాష్ట్రములో ఆరు నెలలు దాటి అయిదేండ్లు నిండని పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత కలదని తేల్చినది. అన్నపూర్ణ అని పేరొందిన నేలకు ఇది తలవంపు కాదా?

గాదెలో ధాన్యమున్నంత మాత్రమున కంచములో పోషణ ఉండదు. వడ్లను తెల్లగా మరపట్టించినపుడు ఇనుము, విటమినులు చాలవరకు తవుడుతో పోవును. ఆ లోటును పప్పు, ఆకుకూరలు, కాయగూరలు తీర్చవలెను. కాని వరిచేలు, చేపలచెరువులు తప్ప వేరొకటి కానరాని ఊళ్ళలో పెరడు కుంచించుకొనిపోయినది. పెరటి కూరకు బదులు బడి గేటు యొద్ద అమ్ము పొట్లాముల చిరుతిండి పిల్లల చేతికి వచ్చినది.

మన ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము 2003లో ఆరంభమైనది. 2024 నుండి అది నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరున సాగుచున్నది. నియమము ననుసరించి ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 50 గ్రాములు, 6 నుండి 8 తరగతుల వారికి 75 గ్రాములు కూరగాయలు పెట్టవలెను. అరువదిమంది చిన్నపిల్లలున్న బడికి దినమునకు 3 కిలోలన్నమాట. అంతటిని చిన్నతోట నిత్యము ఈయజాలదు. కాని వారమునకు రెండు దినములు పప్పులోనికి తోటకూరయో, పాలకూరయో, మునగాకో తప్పక ఈయగలదు. పాఠశాలలలో పోషక తోటలు పెంచుటకై కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శకములను వెలువరించినది. స్థలము లేనిచోట కుండీలలోను, డాబాపైనను పెంచవచ్చును.

ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టవలెనన్న, అదే భోజనములో నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో ఉండుట మేలు. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఆ మేలునకు అడ్డుపడును. ఆషాఢమున మునగాకు తినుట, కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన పెద్దలు నేర్పిన ఆచారములు. బడితోటలో మునగ, ఉసిరి నాటినచో ఆ ఆచారమునకు చోటు బడిలోనే దొరకును.

విద్యకు తోట క్రొత్త కాదు. కాళిదాసు చిత్రించిన శకుంతల, ఆశ్రమవృక్షములకు నీరు పోయక ముందు తాను దాహము తీర్చుకొననిది. మొక్కను పెంచుట ఆమెకు పని కాదు, బాంధవ్యము. తాను విత్తిన బెండ కాసిన కాయను ఏ పిల్లవాడును కంచములో వదలడు. ఉపన్యాసములు నేర్పలేని ఆహారనియమమును ఆ కాయ నేర్పును.

ఇక నేల సంగతి. గుడివాడ వైపు నల్లరేగడిలో వాననీరు నిలుచును గనుక ఎత్తుమడులు కట్టవలెను. దివిసీమలో సముద్రము చేరువ, ఉప్పునేలలు హెచ్చు. అచ్చట తొలకరికి జీలుగ చల్లి, పూతకు ముందే నేలలో కలియదున్నవలెను. కాలువ ఒండ్రు, చివికిన పశువుల ఎరువు వేసి, మడులపై వరిగడ్డి పరచినచో తడి నిలిచి, ఉప్పు పైకి తేలుట తగ్గును. ఉల్లి, బీన్స్ ఉప్పును ఓర్వవు, పాలకూర ఓర్చును. తొలిపంటగా దానిని ఎన్నుకొనుడు.

నేను నాలుగు దశాబ్దములు బందరు పరిసరములలో సంస్కృతము బోధించితిని. మొక్కలు నాటు దినమున ఫోటోకు నిలిచినవారిని అనేకులను చూచితిని. వైశాఖమున చెంబెడు నీరు పోసినవారు అరుదు. బడితోటకు గండము చీడపీడలు మాత్రమే కాదు, వేసవి సెలవులు. బడికి తాళము పడిన దినములలోనే డెల్టా కాలువలకును నీరు కట్టివేయుదురు. ఆ ఏడు వారములు దాటింపలేని తోటను ఏటేట మరల మొదటినుండి పెంచవలసినదే.

దేవాలయ భక్తబృందములు చేయదగిన సేవ ఇచ్చటనే కలదు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో, ఊరిలోని ఇరువదియైదు కుటుంబములు తలా రెండు దినములు వంతు వేసికొన్నచో వేసవి గడచును. అప్పుడు మునగ, కరివేపాకు, ఉసిరి వంటివానిని కాపాడిన చాలును. మడులను గడ్డితో కప్పి ఉంచవలెను. బడి తెరచిన పిదప పిల్లలు చేతులు కడుగుకొను నీటిని మొక్కల పాదులకు మళ్ళింపవచ్చును. ఆలయ నిర్మాల్యములోని పూలను, పత్రిని దారములు తీసి గుంటలో చివుకనిచ్చినచో రెండు మూడు నెలలకు మంచి ఎరువగును. స్వామి పాదములు సేవించిన పూలు పసిబిడ్డల అన్నములో కలియుటకంటె సద్గతి ఏమున్నది?

మరియొక విన్నపము. పుట్టినరోజున బడిపిల్లలకు మిఠాయిలు పంచువారు, వానికి బదులు అరటిపండ్లను, వేరుసెనగ బెల్లపుటుండలను ఈయుడు. బందరు లడ్డు పండుగనాటి ప్రసాదము; నిత్యాహారము కాదు.

గుడిలో దీపము ఒక్కనాడు వెలిగించి ఊరకుండము గదా! బడితోటయు అట్టిదే. విత్తనపు పొట్లము కొనుటకు ముందే, రాబోవు వేసవిలో నీరు పోయువారి పేర్లు వ్రాసికొని, ఆపై శుభముహూర్తమున విత్తుడు.